చూరు కింద కందిరీగలు

అమెరికాలో మన ఇళ్ళ చుట్టూ తిరిగే కందిరీగల గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ పూట మీ ముందుకు వచ్చాను. నేనుండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఇక్కడ ఏప్రిల్ చివరికల్లా చలి తగ్గి, డెక్ మీదికి కుర్చీలు వస్తాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతారు. పెరట్లో గోంగూర గింజలు చల్లడం, బీరపాదులకు పందిరి వేయడం మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే చూరు కింద ఒంటరిగా ఒక కందిరీగ తిరుగుతూ కనిపిస్తుంది. అది రాణి. నిరుడు శరదృతువులో మగ ఈగతో జతకట్టి, చలికాలమంతా ఏ బెరడు సందులోనో ఆటిక్ మూలనో ముడుచుకుని పడుకుని, ఇప్పుడు లేచి కొత్త సంసారానికి చోటు వెతుక్కుంటోంది.

డెక్ మీద కూర్చున్నప్పుడు కాసేపు మాటలాపి వినండి. రంగు వేయని చెక్క రెయిలింగ్ మీద గరగరమని సన్నటి చప్పుడు వస్తుంది. కందిరీగ వెనక్కి వెనక్కి నడుస్తూ దవడలతో చెక్క పైపొరను గీకుతూ ఉంటుంది. గీకిన చోట పాలిపోయిన చార మిగులుతుంది. ఆ పొట్టును లాలాజలంతో నమిలి, ముద్ద చేసి, చూరు కిందికి మోసుకెళ్ళి పలచగా పరుస్తుంది. ఆరితే అదే కాగితం. యూరప్‌లో చింకిగుడ్డలతో కాగితం చేసే రోజుల్లో, 1719లో, రెయోమూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చెక్కతో కూడా కాగితం చేయవచ్చని తమ దేశపు సైన్సు అకాడమీకి చెప్పింది ఈ ఈగల పనితనం చూసే. గూటికి ముందుగా ఒక సన్నటి కాడ కడుతుంది. చీమలు పాకి రాకుండా ఆ కాడకు తన పొట్టలోంచి వచ్చే ఒక పదార్థం పూస్తుంది. దానికి వేలాడుతూ ఆరు మూలల అరలు, నోళ్ళన్నీ నేలవైపు. తలకిందులుగా పట్టుకున్న తామరకాయలా ఉంటుంది చూడ్డానికి. ఒక్కో అరలో ఒక్కో గుడ్డు.

ఏప్రిల్, మే నెలల్లో ఆ గూటి దగ్గర ఉండేది చాలావరకు ఒక్క ఈగే. పొద్దున్నే చలిగా ఉన్నప్పుడో, సాయంత్రం చీకటి పడుతున్నప్పుడో పొడుగాటి చీపురు కర్రతో గూడు రాల్చేస్తే సరిపోతుంది. మళ్ళీ అక్కడే కట్టబోతుంది కాబట్టి నాలుగైదు రోజులు కనిపెట్టి ఉండాలి. ఇదే పని ఆగస్టులో చేస్తే ఒక్క ఈగ బదులు పదుల ఈగలు మీద పడతాయి. అందుకే కందిరీగల విషయంలో నేను ఎవరికైనా మొదట చెప్పేది క్యాలెండర్ చూడమని. వసంతంలో వారానికి ఒకసారి ఇంటి చుట్టూ తిరిగి చూరు, వరండా దీపం వెనక, కిటికీ షట్టర్ల చాటున, గ్రిల్ కవర్ లోపల, మెయిల్‌బాక్స్‌లో, పిల్లల ఊయల స్టాండు గొట్టాల చివర్లలో చూసి రండి. ఆ గొట్టాల మాట మరీ ముఖ్యం. యూరప్ నుంచి వచ్చి, 1980ల ప్రాంతంలో మాసచూసెట్స్‌లో బయటపడి, ఆ తర్వాత దేశమంతా పాకిన ఒక జాతి ఉంది. అది అలాంటి బోలు గొట్టాల్లోనే గూడు పెట్టడానికి ఇష్టపడుతుంది. పైకి ఏమీ కనపడదు, పిల్లవాడు ఊయలెక్కేసరికి బయటికి వస్తాయి. గొట్టాల చివర్లకు మూతలు బిగిస్తే ఆ బెడద తీరుతుంది. ఆటిక్ వెంట్లకు సన్నటి జల్లెడ, సైడింగ్ సందులకు సీలెంట్ కూడా వసంతం రాకముందే చేసుకోవాల్సిన పనులు.

ఇక ఏ ఈగ ఏదో పోల్చుకోవడం. తేనెటీగ ఒంటినిండా నూగు ఉంటుంది, రంగు గోధుమ. కందిరీగ ఒళ్ళు నున్నగా మెరుస్తుంది, నడుము దారంలా సన్నం. చూరు కింద గొడుగులాంటి గూడు కట్టేవాటిని పేపర్ వాస్ప్ అంటారిక్కడ. ఎగిరేటప్పుడు వాటి పొడుగాటి కాళ్ళు కిందికి వేలాడుతూ ఉంటాయి. గూటి జోలికి పోనంతవరకు అవి మన జోలికి దాదాపు రావు. తలుపు పక్కనో, పిల్లలు ఆడే చోటో, చేతికి తగిలే ఎత్తులోనో లేకపోతే ఆ గూటిని ఉండనివ్వమనే నా సలహా. రెండో అంతస్తు చూరు కింద ఉన్నదాన్ని కొట్టడానికి నిచ్చెనెక్కితే, ఈగ కుట్టడం కంటే నిచ్చెన మీంచి పడటం పెద్ద ప్రమాదం.

ఎల్లో జాకెట్ సంగతి వేరు. అర అంగుళం ఉంటుంది, పచ్చటి పసుపు మీద నల్లటి చారలు, కాళ్ళు ముడుచుకుని అటూ ఇటూ ఊగుతూ వేగంగా ఎగురుతుంది. ఎక్కువగా నేలలోనే గూడు పెడుతుంది, ఎలుక తవ్వి వదిలేసిన కన్నమో, కుళ్ళిన చెట్టు మొదలో దొరికితే చాలు. పైకి కనపడేది బొటనవేలు పట్టేంత రంధ్రం, లోపల అంతస్తుల మీద అంతస్తుల కాగితపు తుట్టె. ఆగస్టు చివరికి అందులో వేల ఈగలుంటాయి. లాన్ మోవర్ ఆ రంధ్రం మీదుగా వెళ్ళిందంటే, ఆ అదురుకి అన్నీ లేస్తాయి. ఒకటి కుడితే చాలు, ఆ విషంలోంచి వచ్చే వాసన మిగతావాటిని రెచ్చగొడుతుంది. తేనెటీగలా ముల్లు విరిగి చావదు కాబట్టి ఒకే ఈగ పదే పదే కుట్టగలదు. అలా లేచినప్పుడు మోవర్‌ను ఉన్నచోటే వదిలేసి, చేతులు ఊపకుండా, మొహం కప్పుకుని ఇంట్లోకో కారులోకో పరుగెత్తాలి. నీళ్ళలోకి దూకడం, అక్కడే నిలబడి విదిలించుకోవడం పనికిరావు. గడ్డి కోసే ముందు ఒక్కసారి లాన్ చుట్టూ నడిచి, ఏదో ఒక చోట నేల మట్టంలో ఈగలు వరసగా దిగుతూ లేస్తూ ఉన్నాయేమో చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం వేళ ఆ రాకపోకలు బాగా కనిపిస్తాయి.

మన పండగలకీ ఈ ఈగలకీ ఉన్న సంబంధం చెప్పాలి. వేసవి మొదట్లో ఎల్లో జాకెట్లు మాంసం వెతుకుతాయి. గొంగళిపురుగులు, మామూలు ఈగలు పట్టి నమిలి గూట్లోని పిల్లపురుగులకు పెడతాయి. ఆ పిల్లపురుగులు బదులుగా నోట్లోంచి తియ్యటి ద్రవం ఇస్తాయి, పెద్ద ఈగలు దాని మీదే బతుకుతాయి. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి పిల్లపురుగులు తగ్గిపోతాయి. ఆ తీపి దొరక్క వేల ఈగలు ఒక్కసారిగా బయట తీపి కోసం ఎగబడతాయి. మనకు సరిగ్గా అప్పుడే వినాయక చవితి. పాలవెల్లికి కట్టిన పళ్ళు, గ్యారేజీలో బెల్లం ఉండ్రాళ్ళు, అరటిపళ్ళు, చెరుకు ముక్కలు. తెలుగు సంఘాల పిక్నిక్కులు, లేబర్ డే వంటలు కూడా ఆ రోజుల్లోనే. పూజ అయ్యాక ప్రసాదం మూతపెట్టి లోపలికి తీసుకురండి. పళ్ళ తొక్కలు సంచిలో కట్టి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వేయండి. పెరట్లో పియర్, ఆపిల్, అత్తి చెట్లుంటే రాలిన పళ్ళు రోజూ ఏరేయండి. పిల్లలకు సోడా క్యాన్లు, మామిడి రసం డబ్బాలు తెరిచి ఇవ్వకండి. తీపి వాసనకు ఈగ లోపల దూరుతుంది, గుటక వేస్తే నోట్లోనో గొంతులోనో కుడుతుంది, గొంతు లోపలి వాపు ఊపిరికి అడ్డం పడుతుంది. పారదర్శకంగా ఉండే గ్లాసులో పోసి ఇస్తే కంటికి కనపడుతుంది.

బతుకమ్మ రోజులొస్తే, పార్కుల్లో గడ్డి మీద చెప్పులు విడిచి చప్పట్లు కొడుతూ వలయంగా తిరుగుతాం. ఆ అడుగుల అదురు నేలలో గూడు ఉన్న చోట పడకూడదు. నిర్వాహకులకు నా విన్నపం ఏమిటంటే, ముందురోజు ఎండ ఉండగా ఆ స్థలమంతా ఒకరు నడిచి చూసి రావాలి. రంధ్రం కనపడితే పార్కు వాళ్ళకు చెప్పాలి, లేదా ఆట అక్కడినుంచి దూరం జరపాలి.

నేలలో గూడు, గోడలో గూడు, ఈ రెండింటికీ లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలవమనే చెబుతాను. గోడలో గూడు ఉంటే సైడింగ్ సందులోంచి ఈగలు లోపలికీ బయటికీ తిరుగుతాయి. కంగారులో చాలామంది ఆ సందును సీలెంట్‌తో మూసేస్తారు. దారి మూసుకుపోయిన ఈగలు లోపలి డ్రైవాల్‌ను కొరికి పడకగదిలోకి వస్తాయి. ముందు లోపల ఈగలన్నీ చావాలి, ఆ తర్వాతే సందు మూయాలి. నేలలో కన్నంలో పెట్రోలు పోసి అంటించడం, గూటికి కాగడా పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. చెక్కతో కట్టిన ఇళ్ళు ఇవి. పెట్రోలు నేలలోకి ఇంకితే ఆ మట్టీ పాడవుతుంది. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళు చేతులు కాల్చుకోకుండా లీజింగ్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలపండి.

సొంతంగా స్ప్రే కొట్టాలనుకుంటే, చీకటి పడ్డాక ఈగలన్నీ గూటికి చేరినప్పుడు, ఇరవై అడుగుల దూరానికి చిమ్మే డబ్బాతో, గాలికి ఎదురుగా నిలబడకుండా కొట్టాలి. చేతులు నిండా కప్పే చొక్కా, కళ్ళద్దాలు ఉండాలి. సరిగ్గా గూటి కింద నిలబడితే మందు మన మొహం మీదే పడుతుంది. కరెంటు దీపాలు, మీటర్ల మీద కొట్టకూడదు. డబ్బా మీద రాసిన పద్ధతి తప్పి వాడటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గోంగూర, కరివేపాకు, మిరప మొక్కల దగ్గర మాత్రం ఆ మందే వద్దు.

అసలు కూరగాయల తోట పెంచేవాళ్ళు కందిరీగను చంపే ముందు ఒకసారి ఆలోచించాలి. క్యాబేజీ ఆకుల మీద గొంగళిపురుగును పట్టి, తుంచి, ముద్ద చేసి పట్టుకుపోయే పేపర్ వాస్ప్‌ను నేను ఎన్నోసార్లు చూశాను. మందు కొట్టాల్సిన పని అది చేసి పెడుతోంది.

గ్యారేజీ గోడ మీద మట్టిగొట్టాలు కట్టేది మరో రకం, మడ్ డాబర్. మన పెద్దలు చెప్పే భ్రమరకీటక న్యాయం గుర్తుందా? భ్రమరం పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తుంటే, ఆ ధ్యానంలోనే పురుగు భ్రమరంగా మారిపోతుందని. గూడు మూయడం, అందులోంచి కొత్త భ్రమరం రావడం మన పూర్వులు చూసినవే. మధ్యలో జరిగేది ఇదీ: మడ్ డాబర్ సాలీళ్ళను కుట్టి చచ్చుబడేలా చేసి, ప్రాణంతోనే గూట్లో పేర్చి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు వాటిని తిని పెరుగుతుంది. నీలంగా మెరిసే ఒక జాతి అయితే విషపు బ్లాక్ విడో సాలీళ్ళను ఏరి మరీ పడుతుంది. మడ్ డాబర్ ఒంటరి జీవి కాబట్టి గూటిని కాపలా కాయదు, మనుషులను కుట్టడం బహు అరుదు. చూడ్డానికి బాగోలేదనుకుంటే చలికాలంలో గీకేయండి. కాకపోతే గొట్టాలు కనిపిస్తే మట్టితో పూడ్చే అలవాటు వీటిది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ తీరం దగ్గర బిర్గెన్‌ఎయిర్ విమానం కూలి 189 మంది పోయారు. వేగం కొలిచే గొట్టం మూసుకుపోవడం దానికి ఒక కారణం, దాన్ని మూసింది మడ్ డాబర్ గూడే అయివుంటుందని దర్యాప్తు చేసినవాళ్ళు అనుమానించారు. ఇంట్లో గ్యాస్ ఫర్నేస్, వాటర్ హీటర్ వెంట్లు ఏటా చూసుకోవడానికి అదొక్కటి చాలు.

జులైలో లాన్ మీద రెండంగుళాల పెద్ద ఈగలు గుండెలదిరేలా తిరుగుతుంటాయి. అవి సికాడా కిల్లర్లు. మన మొహం మీదికి దూసుకొచ్చేవి మగవి, వాటికి కొండే ఉండదు. ఏ జాతి కందిరీగలోనైనా కుట్టేది ఆడదే. వాటిని చూసి "మర్డర్ హార్నెట్" వచ్చిందని మన వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు తిరుగుతుంటాయి. ఆ ఆసియా జాతి 2019 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దు దగ్గర బ్లెయిన్ ప్రాంతంలో బయటపడింది. పట్టిన ఈగల నడుముకు చిన్న రేడియో ట్రాకర్లు దంతాల దారంతో కట్టి వదిలి, వాటి వెంటపడి 2020 అక్టోబరులో మొదటి గూడు, మరుసటి ఏడు మరో మూడు గూళ్ళు పట్టుకున్నారు. ఆ జాతి దేశంలో లేకుండా పోయిందని 2024 డిసెంబరులో అధికారికంగా ప్రకటించారు. ఇప్పుడు జాగ్రత్తపడాల్సింది 2023 ఆగస్టులో జార్జియాలో, సవానా దగ్గర కనిపించిన పసుపు కాళ్ళ హార్నెట్ విషయంలో. తేనెటీగల పాలిట అది యమదూత. అట్లాంటా వైపు, కరోలినాల్లో ఉన్న మనవాళ్ళు అనుమానం కలిగితే ఫోటో తీసి రాష్ట్ర వ్యవసాయ శాఖకు పంపండి. మామూలు పోలికలకైతే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంది. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం కింద, విశ్వవిద్యాలయాల వ్యవసాయ పరిజ్ఞానాన్ని జనానికి అందించడానికే పుట్టిన ఏర్పాటు అది. మన పన్నులతో నడుస్తోంది, మొహమాటం లేకుండా వాడుకోండి.

అక్టోబరు, నవంబరుల్లో గట్టిగా మంచు పడితే కూలి ఈగలన్నీ చచ్చిపోతాయి. ఆకులు రాలాక చెట్టు మీద బాస్కెట్‌బాల్ అంత బూడిదరంగు గూడు కనపడితే గాభరా పడకండి, అది ఖాళీ గూడు. పాత గూటిలోకి మళ్ళీ రావు. చలి తక్కువగా ఉండే దక్షిణాదిన మాత్రం కొన్ని గూళ్ళు చలికాలం దాటి బతికేస్తాయి. 2006లో అలబామాలో 90కి పైగా అలాంటి మహాగూళ్ళు నమోదయ్యాయి. ఫ్లోరిడా, టెక్సస్, అలబామా శ్రోతలు చలికాలంలో కూడా ఏమరుపాటుగా ఉండకూడదు.

చివరగా, కుడితే ఏం చేయాలి. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. చేతికి కుడితే ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. సున్నం రాయడం, ఇనుప ముక్కతో రుద్దడం మన ఊళ్ళ అలవాటు. సున్నం లేత చర్మాన్ని కాలుస్తుంది, పిల్లలకు అసలే వద్దు. కుట్టిన చోటే ఒకటి రెండు రోజులు వాచి, దురదపెట్టి తగ్గిపోవడం మామూలే. పది పదిహేను ఈగలు కుట్టినా, కుట్టింది చిన్నపిల్లలకో పెద్దవాళ్ళకో అయినా 1-800-222-1222కు ఫోన్ చేయండి. పాయిజన్ కంట్రోల్ నంబరు అది, ఏ వేళైనా పలుకుతుంది, ఉచితం.

కానీ కుట్టిన చోటుతో సంబంధం లేకుండా ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదవులూ నాలుకా వాచినా, గొంతు పట్టేసినట్టున్నా, ఆయాసం, వాంతులు, కళ్ళు తిరగడం మొదలైనా అది అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతక అలర్జీ కావచ్చు. నిమిషాల మీద నడిచే వ్యవహారం. 2011 నుంచి 2021 వరకు ఈ దేశంలో తేనెటీగలు, కందిరీగలు, హార్నెట్లు కుట్టి 788 మంది చనిపోయారు, ఏటా సగటున 72 మంది. అలర్జీ మాత్రలు దద్దుర్లను తగ్గిస్తాయి గానీ అనాఫిలాక్సిస్‌ను ఆపలేవు. ఆపేది ఎపినెఫ్రిన్ ఒక్కటే. దాని ఇంజెక్షన్‌ను బట్టల మీదుగానే తొడ బయటివైపు పొడవాలి, మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాలి, 911కు ఫోన్ చేయాలి. ఇంజెక్షన్‌తో తేరుకున్నా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత ఆ లక్షణాలు మళ్ళీ రావచ్చు. సూది భయం ఉన్నవాళ్ళకు ముక్కులో కొట్టే ఎపినెఫ్రిన్‌ను కూడా 2024 ఆగస్టులో ఎఫ్‌డీఏ ఆమోదించింది. ఒకసారి ఇలా జరిగినవాళ్ళు తప్పకుండా అలర్జీ డాక్టరును కలవండి. 1979 నుంచి ఈ దేశంలో ఈగ విషంతోనే తయారుచేసిన ఇంజెక్షన్ల చికిత్స ఉంది. మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది, తీసుకున్నవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా రక్షణ ఇస్తుంది. తెలిసి కూడా బద్ధకించి వదిలేసినవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

మన ఇళ్ళకు వచ్చే అమ్మానాన్నల మాట చెప్పి ముగిస్తాను. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్ళు మనలో చాలామంది. ఆ మందులున్నప్పుడు ఎపినెఫ్రిన్ సరిగా పనిచేయకపోవచ్చు. సొంతంగా మందు మానేయకూడదు, కానీ అంబులెన్సు వాళ్ళకు ఆ మందు పేరు చెప్పాలి. మీరు ఆఫీసులో, పిల్లలు బడిలో ఉన్నప్పుడు తోటలో ఉండేది ఆ పెద్దవాళ్ళే. ఈ రోజే ఒక కాగితం మీద మీ ఇంటి చిరునామా, వాళ్ళు వాడే మందుల పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. 911కు ఎలా ఫోన్ చేయాలో నేర్పండి. "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పినా చాలు, చాలా 911 కేంద్రాల్లో ఫోన్‌లోనే దుబాసీని కలిపే ఏర్పాటు ఉంది. ఫోన్ పెట్టేయకుండా లైన్లో ఉండమని మాత్రం మరీ మరీ చెప్పండి.